రెప్పల బరువు

దారం కొసను పళ్ళ మధ్య కరిచిపట్టుకుని, మిగతాది రెండు చేతుల వేళ్ళకూ మెలిపెట్టి, దారమక్క పార్లర్ కుర్చీలో వెనక్కి వాలిన అమ్మాయి మొహం మీదికి వంగింది.

"పైనొక వేలు, కిందొక వేలు పెట్టి తోలు లాగి పట్టుకోమ్మా. నొప్పేస్తే చెప్పు. ఆపను కానీ వింటాను."

నోట్లో దారం ఉండగా మాట్లాడటం ఆమెకు ఎంత అలవాటంటే, పెదవులు కదలకుండానే మాటలు పక్కనుంచి జారిపోతాయి. అమ్మాయి నవ్వింది. నవ్వగానే కనుబొమ కదిలింది. "నిన్ను నవ్వించడం నాదే తప్పు" అంటూ దారమక్క ఆగి, మొహం కుదురుకున్నాక మళ్ళీ మొదలుపెట్టింది. మెలిక తిరిగిన దారం చిరుచిరు చప్పుడు చేస్తూ, కనుబొమ కింద పిచ్చిగా మొలిచిన వెంట్రుకల్ని వరసగా పెరుక్కుంటూ పోయింది.

ఆమెకు అసలు పేరొకటి ఉందన్న సంగతి ఆ పార్లర్‌లో ఎవరికీ గుర్తులేదు. పెళ్ళికాక ముందు పనిలో చేరింది. అప్పటి యజమానురాలు చనిపోయి, ఆవిడ కూతురు యజమానురాలి కుర్చీలో కూర్చుంది. అద్దాలు మారాయి, కుర్చీలు మారాయి, గోడల రంగు ఎన్నిసార్లు మారిందో లెక్కలేదు. జుట్టు కత్తిరించేవాళ్ళు, గోళ్ళకు రంగు వేసేవాళ్ళు వచ్చారు, వెళ్ళారు. కిటికీ పక్కనున్న చివరి కుర్చీ మాత్రం దారమక్కదే. ఈ వీధిలో ఒక తరం ఆడవాళ్ళ కనుబొమలు ఆమె వేళ్ళ కింద దిద్దుకున్నవే.

ఆమె మొహంలో మాత్రం ఎవరికైనా ముందు కనబడేవి రెప్పలు. పైరెప్పల తోలు వదులై, మడతపడి, కంటి వెంట్రుకల మీదికి దిగిపోయింది. కనుబొమల చివర్లు కూడా కణతల వైపు జారి, ఆ మడతల మీద ఇంకాస్త బరువు మోపాయి. ఎదుటి మనిషిని నిండుగా చూడాలంటే గడ్డం పైకెత్తాలి. ఎత్తితే, తెలియనివాళ్ళు ఈవిడకి కళ్ళు నెత్తికెక్కాయనుకుంటారు. ఎత్తకపోతే నిద్రమొహం అనుకుంటారు. "ఏంటక్కా, రాత్రి నిద్రలేదా?" అని అడగని రోజు లేదు. మొదట్లో ఓపిగ్గా వివరించేది. తర్వాత్తర్వాత, "లేదమ్మా, తెల్లార్లూ డాన్సులాడాను" అనడం మొదలుపెట్టింది. అది విని నవ్వేసేవాళ్ళే కానీ, మరోసారి ఆమె మొహంలోకి చూసేవాళ్ళు తక్కువ.

ఇవి అమ్మ ఇచ్చిన కళ్ళు. అమ్మ చివరి రోజుల్లో ఒక వేలితో రెప్ప ఎత్తి పట్టుకుని పేపరు చదివేది. పేజీ తిప్పాల్సి వచ్చినప్పుడు రెప్ప వదిలేసి, తిప్పి, మళ్ళీ ఎత్తుకునేది. అప్పుడు ఇంట్లో అందరూ నవ్వారు. దారమక్క కూడా నవ్వింది.

అమ్మాయి కనుబొమలు పూర్తయ్యాయి. చల్లటి దూది అద్ది, అద్దం చేతికిచ్చింది. అమ్మాయి అటూ ఇటూ తిరిగి చూసుకుని, "సూపర్ అక్కా" అని లేచి వెళ్ళిపోయింది. దారమక్క నేలమీద పడ్డ దారం ముక్కలు ఏరుకుంటుంటే, యజమానురాలు దగ్గరికొచ్చి నిలబడింది.

"ఇవాళేనా అక్కా, డాక్టరు దగ్గరికి?"

"ఇవాళే. మధ్యాహ్నం వెళ్ళి, అటునుంచటే టైపు అమ్మగారి ఇంటికి పోతాను. ఆవిడ కబురు పెట్టారు."

"మంచిదే. చూపు సంగతి తేలిపోతే నీకూ నిశ్చింత, నాకూ నిశ్చింత."

ఆ మాటలో చెడు ఉద్దేశం లేదు. కొద్దిరోజుల కిందట ఒక కొత్త కస్టమర్ కుర్చీలోంచి లేచిపోయి, "ఆవిడ కళ్ళు మూసుకుని చేస్తోంది, నాకు వేరేవాళ్ళు కావాలి" అంది. ఆ వారంలోనే పార్లర్ ముందు గాజుకు అతికించడానికి పనివాళ్ళందరికీ ఫోటోలు తీయించారు. ఫోటోగ్రాఫర్ "కళ్ళు తెరవండమ్మా" అన్నాడు. తెరిచే ఉన్నానంది. ఇంకోసారి తీశాడు. ఇంకోసారి. చివరికి యజమానురాలు పక్కకు పిలిచి, "ఏమనుకోకక్కా, నీవి చేతులు పెడదాం. దారం పట్టుకున్న చేతులు చాలా బాగొచ్చాయి" అంది. గాజుమీద అందరి మొహాల పక్కనా ఇప్పుడామె చేతులున్నాయి. అక్కడ నవ్వేసింది. ఇంటికెళ్ళాక నవ్వు రాలేదు.

ఆ రోజే భర్తతో అంది, రెప్పల మీద వదులైన తోలు కోయించుకోవాలని. తాళాలు బాగుచేసే మనిషి ఆయన. రోజంతా చిన్న చిన్న చిల్లుల్లోకి చూస్తూ గడుపుతాడు కాబట్టి ఏ మాటకైనా వెంటనే తలెత్తడు. చేతిలో తాళం గీకుతూనే, "నీ కళ్ళు పూర్తిగా తెరుచుకుంటే మొట్టమొదట కనబడేది నా బట్టతలే. ఆలోచించుకో" అన్నాడు. ఆ తర్వాత తలెత్తి, "చూపు ఆనట్లేదా నిజంగా?" అని అడిగాడు.

"అడ్డమొస్తోంది" అంది.

అప్పట్నుంచి అందరికీ అదే చెప్పింది. చూపుకు అడ్డమొస్తోంది, డాక్టరు కోయాలంటే కోయించుకోవాల్సిందే కదా అని. ఆ మాటకు ఎదురుచెప్పిన వాళ్ళు లేరు. రోగానికి ఎవరు వంకపెడతారు?

డాక్టరమ్మ వయసులో చిన్నది. ఆవిడ ఎడమ కనుబొమను ఎవరో మొరటుగా లాగేశారని దారమక్క కూర్చోగానే గమనించింది. నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది. అంతకుముందే ఒక చీకటి గదిలో కూర్చోబెట్టి, గిన్నెలాంటి దాంట్లోకి చూడమని, చుక్కలా వెలుగు కనబడ్డప్పుడల్లా మీట నొక్కమన్నారు. కనబడ్డప్పుడల్లా బుద్ధిగా నొక్కింది. ఇప్పుడు ఆ కాగితాలు డాక్టరమ్మ ముందున్నాయి.

"చూపు బాగానే ఉందమ్మా" అంది డాక్టరమ్మ. "పైన కొంచెం మూసుకుంటోంది. అంతే. దీనికోసం ఆపరేషన్ తప్పనిసరి అని నేను రాయలేను."

దారమక్క గడ్డం ఎత్తి చూసింది. "అంటే, చేయరా?"

"చేయనని కాదు. మీరు కావాలంటే చేస్తాను. అవసరమైతే వేరు. ఇది మీ ఇష్టం."

పరీక్ష తప్పినవాళ్ళు ఏడవడం చూసింది కానీ, నెగ్గి దిగాలుపడటం ఇదే మొదటిసారి. డాక్టరమ్మ లేచి వచ్చి ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుంది.

"కళ్ళు మూసుకోండి. నుదురు వదిలేయండి. ఇంకా. ఇంకా వదలాలి." చల్లటి బొటనవేలు ఆమె నుదుటిమీద ఆనింది. "ఇప్పుడు నుదురు కదపకుండా కళ్ళు తెరవండి."

దారమక్క తెరవబోయింది. సన్నటి చీలికలోంచి డాక్టరమ్మ కోటు గుండీ ఒక్కటి కనబడింది. ఎంత ప్రయత్నించినా అంతకు మించి తెరుచుకోలేదు.

"చూశారా? పొద్దున లేచిన దగ్గర్నుంచీ మీ నుదురే ఈ రెప్పల్ని ఎత్తి పట్టుకుంటోంది. సాయంత్రమయ్యేసరికి తలనొప్పి వస్తుందా?"

"రోజూ వస్తుంది. వంగి చేసే పని కదా, అందుకనుకున్నాను."

"అది కొంత. ఇదీ కొంత."

దారమక్క చేత్తో నుదురు తడుముకుంది. లోతుగా పడ్డ గీతలు వేళ్ళకు తగిలాయి. వాటిని వయసు గీతలనుకుంది ఇన్నాళ్ళూ. ఆ నుదుటి కష్టం తనకే తెలియలేదన్నమాట.

డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. రెప్పల తోలు మాత్రం తీస్తే నుదుటికి పని తప్పుతుంది, అది వదులు కాగానే కనుబొమలు ఇంకాస్త జారతాయి, అందుకని కనుబొమల్ని కూడా కొంచెం పైకి లాగి కుట్టాలి. కొన్నాళ్ళు మొహం కమిలిపోయి ఎవరో కొట్టినట్టుంటుంది. కళ్ళు పొడిబారొచ్చు, రెండు వైపులా ఒకేలా రాకపోవచ్చు. మచ్చలు ఉండిపోవచ్చు. చాలా అరుదే కానీ, చూపుకే ముప్పు రావచ్చు.

అన్నీ విని దారమక్క అడిగింది ఒకటే. "మరీ పైకి లాగరు కదా? అస్తమానం ఆశ్చర్యపోతున్నట్టు ఉండకూడదు. ఎక్కడెక్కడో అలా పీకించుకుని, బాగుచేయమని మా దగ్గరికి వస్తుంటారు."

డాక్టరమ్మ పకపకా నవ్వింది. అద్దం ముందు నిలబెట్టి, రెండు వేళ్ళతో ఆమె కనుబొమల్ని ఒక్క పిసరు పైకి జరిపి, సన్నటి పుల్లతో రెప్ప మడతను లోపలికి నొక్కి పట్టుకుంది. "ఇంతే చేస్తాను. చూడండి."

దారమక్క చూసింది. పడుచుదనమేమీ తిరిగి రాలేదు. బుగ్గలు ఎలా జారాయో అలాగే ఉన్నాయి, మెడ అలాగే ఉంది. కాకపోతే, ఆ మొహం మేలుకుని ఉంది. లోపల ఎప్పుడూ మేలుకునే ఉన్న మనిషి, అద్దంలో మొదటిసారి బయటికి చూసింది. డాక్టరమ్మ వేళ్ళు తీయగానే మళ్ళీ పరదా పడింది.

"తొందరేం లేదు. ఆలోచించుకుని ఫోన్ చేయండి" అంది డాక్టరమ్మ.

బయట ఎండ మొహాన కొట్టింది. ఇన్నాళ్ళూ అందరికీ చెప్పుకున్న సాకు ఆ గిన్నెలాంటి యంత్రం దగ్గరే ఉండిపోయింది. వీధి చివరికి వచ్చేలోపే కూతురు ఫోన్ చేసింది. పక్క ఊళ్ళో ఆఫీసులో పనిచేస్తుంది. ముక్కుసూటి మనిషి.

"ఏమందమ్మా డాక్టరు?"

అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. చెబితే అతికేదే. "చూపుకేం లేదంట. కావాలంటే చేస్తానంది."

"హమ్మయ్య. అయితే మానేసినట్టే."

"ఎందుకు మానేయాలి?"

దారమక్క మూసి ఉన్న ఒక కొట్టు పక్కన నీడలో నిలబడింది.

"అమ్మా, నావీ నీ కళ్ళే. చిన్నప్పట్నుంచీ అందరూ అదే మాట. బాగాలేవని నువ్వు కోయించుకుంటే, మరి నావేంటి?"

దారమక్క ఈ ప్రశ్న ఊహించలేదు. డబ్బు దండగంటుందని, నలుగురూ నవ్వుతారంటుందని అనుకుంది. దానికి జవాబులు కూడా సిద్ధం చేసుకుంది. వాటిలో ఒక్కటీ ఇక్కడ పనికిరాలేదు.

"నీ కళ్ళకి నేనెప్పుడైనా వంకపెట్టానా?"

"లేదు."

"నేను జుట్టుకి రంగేసుకుంటాను. నీ జుట్టు బాగాలేదనా? మా అమ్మ రెప్ప వేలితో ఎత్తుకుని చదివేది. ఆవిడకది సరిపోయింది. నాకు సరిపోవట్లేదమ్మా. ఇవి నాకు బరువుగా ఉన్నాయి. నీకు ఎప్పుడైనా బరువనిపిస్తే నువ్వు చూసుకో. అనిపించకపోతే హాయిగా ఉంచుకో."

"ఈ వయసులో అందమేంటని అంటారు."

"అననీ."

"సరే, పనుంది. మళ్ళీ చేస్తా" అని కూతురు పెట్టేసింది. గొంతులో అలక ఉంది. దారమక్క ఫోన్ సంచిలో వేసుకుని నడిచింది. "అననీ" అన్న మాట తన నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చినందుకు ఆమెకే వింతగా ఉంది.

టైపు అమ్మగారు ఒకప్పుడు ఇంటి ముందు గదిలో టైపు నేర్పేవారు. ఆ గదిలోంచి వచ్చే టకటకలు వీధంతా వినబడేవి. మిషన్లు ఎప్పుడో అమ్మేశారు. ఇప్పుడా గదిలోనే ఆవిడ మంచం ఉంది. నడవలేకపోయిన దగ్గర్నుంచీ దారమక్కే ఇంటికొస్తోంది.

తలుపు తీసిన కోడలు గొంతు తగ్గించి, "రెండ్రోజులుగా ఏమీ తినట్లేదు. అయినా నిన్ను పిలవమని ఒకటే పోరు. ఇప్పుడెవరు చూస్తారత్తయ్యా అన్నాను. నా మీద కోప్పడ్డారు" అంది.

"నాకు వినబడుతోంది" అంది లోపల్నుంచి టైపు అమ్మగారి గొంతు, సన్నగా. "నేను చూసుకుంటానని చెప్పానుగా."

కోడలు తల అడ్డంగా ఊపుతూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

టైపు అమ్మగారు మూడు దిళ్ళకు ఆనుకుని ఉన్నారు. మనిషి సగమయ్యారు. మొహంలో ముక్కు ఒక్కటే మునుపటిలా మిగిలింది. కనుబొమల్లో తెల్లటి వెంట్రుకలు కొన్ని పొడుగ్గా పెరిగి కళ్ళమీదికి వంగాయి. ఆవిడ కళ్ళజోడు తీసి దిండు పక్కన పెట్టుకోగానే దారమక్క పౌడరు అద్ది, దారం తీసింది.

"ఏమందే డాక్టరు?"

"అవసరం కాదంట అమ్మగారూ. ఇష్టమైతే చేయించుకోమంది."

"వద్దు" అన్నారు టైపు అమ్మగారు వెంటనే. "నీ మొహం నాకిలాగే బాగుంది. చూస్తే చాలు, హాయిగా నిద్రొస్తుంది. మారిపోతే నేను నిన్ను గుర్తుపట్టొద్దూ?"

"గొంతు మారదు కదా అమ్మగారూ. పలకరిస్తాను, గుర్తుపడతారు." దారమక్క నవ్వింది. "చూసేది మీరు. మోసేది నేను."

ముసలావిడ కాసేపు ఆమె వంక చూశారు. "అయితే చేయించుకోవాలనే ఉందన్నమాట."

"ఉంది."

"చూపు కోసమా?"

"కాదు." గట్టిగానే వచ్చింది మాట. పైకి అనడం ఇదే మొదలు. "బాగుండాలని. అద్దంలో చూసుకుంటే మేలుకున్నట్టు ఉండాలని."

"మరి నన్నెందుకు అడగడం?"

"నేనడగలేదు. మీరే అడిగారు."

టైపు అమ్మగారి భుజాలు కదిలాయి. ఆ నవ్వు దగ్గుగా మారి, సర్దుకోవడానికి కొంతసేపు పట్టింది. తర్వాత వణికే వేళ్ళు రెండూ ఎత్తి, ఒకటి కనుబొమ పైనా, ఒకటి కిందా పెట్టి, తోలు లాగి పట్టుకున్నారు. "కానీ" అన్నారు.

ఆ తోలు తడిసిన కాగితంలా ఉంది. దారమక్క దారాన్ని వదులుగా మెలిపెట్టి, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క వెంట్రుకే తీసింది. కుడి కనుబొమ తీరుగా వచ్చింది. సన్నటి తెల్లటి వంపు, రెక్కలా. ఎడమ వైపుకు తిరిగేసరికి ముసలావిడ చేయి జారి దుప్పటి మీద పడింది.

"అలిసిపోయారా? కాసేపు ఆగుదాం లెండి."

జవాబు రాలేదు. నిద్రపట్టిందనుకుంది. చేయి తీసి సరిగా పెట్టబోతూ ఆగిపోయింది. ఈ పనిలో ఎదుటివాళ్ళ ఊపిరి ఎప్పుడూ ఆమె మణికట్టుకు తగులుతూ ఉంటుంది. వేసవిలో వెచ్చగా, జలుబు చేసినవాళ్ళదైతే గరగరగా. అది అక్కడుందని కూడా గమనించనంత అలవాటు. ఇప్పుడు మణికట్టు మీద ఏమీ లేదు.

పక్కన కూర్చుని, ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది. ఎవర్నీ పిలవకుండా కొద్దిసేపు అలాగే కూర్చుంది. తర్వాత లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి, "అమ్మా, ఒకసారి రండి" అంది.

కోడలు వచ్చింది, చూసింది, గోడకు ఆనుకుని ఏడ్చింది. దారమక్క నీళ్ళు తెచ్చిచ్చింది. కోడలి భర్తకు ఫోన్ చేసింది, వీధి చివర డాక్టరుకు చేసింది. డాక్టరు వచ్చి మణికట్టు పట్టుకుని చూసి, దుప్పటి సర్ది, మెల్లగా నాలుగు మాటలు చెప్పి వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక కోడలు మంచం దగ్గరే నిలబడి అత్తగారి మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఒక కనుబొమ తీర్చి ఉంది. రెండోది వెంట్రుకలు వేలాడుతూ అలాగే ఉంది.

"ఇలా సగం సగం ఉంటే ఊరుకుంటారా ఈవిడ?" అంది కోడలు, ఏడుస్తూనే. "జనమొచ్చేస్తారు. నువ్వు... చేయగలవా?"

"తోలు ఎవరైనా పట్టుకోవాలమ్మా."

కోడలు మొహం తుడుచుకుంది. మంచం అంచున కూర్చుని, దారమక్క చూపించిన చోట ఒక వేలు పైనా, ఒక వేలు కిందా పెట్టింది. "గట్టిగా పట్టుకుంటే నొప్పేస్తుందేమో" అంది. అని, తనన్న మాటకు తనే పెదవి కొరుక్కుంది. దారమక్క దారం పళ్ళ మధ్య కరిచింది. ఇద్దరూ తలలు ఆనేంత దగ్గరగా వంగారు. నుదురు పైకి లాగి, గడ్డం ఎత్తి, రెప్పల కింది సందులోంచి చూస్తూ, దారమక్క ఎడమ కనుబొమను కుడిదానికి జోడుగా దిద్దింది. తొందరపడలేదు. పూర్తయ్యాక కోడలు వేలితో ఆ వంపు నిమిరి, "బాగుంది" అంది.

చుట్టాలు ఒక్కొక్కరే రావడం మొదలయ్యాక దారమక్క బయట అరుగు మీదికి వచ్చింది. తల నొప్పిగా ఉంది. నుదురు మీద అరచెయ్యి ఆనించి కాసేపు పట్టుకుంది. అప్పుడు కాస్త ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని, ఫోన్ తీసి ఆసుపత్రికి చేసింది.

"పేరు రాసుకోమ్మా. రెప్పలూ, కనుబొమలూ, రెండూ" అంది. చాలా రోజుల తర్వాత తన అసలు పేరు తనే పూర్తిగా చెప్పింది.

"చూపు సమస్యాండీ?" అడిగింది అవతల అమ్మాయి.

"కాదమ్మా. అందం కోసం."

అరుగు మెట్ల మీద నిలబడ్డ ఒకాయన తిరిగి చూశాడు. దారమక్క గడ్డం ఎత్తి ఆయన్ని కూడా చూసింది. ఆయనే తల తిప్పుకున్నాడు.

ఫోన్ సంచిలో వేసుకునేలోపే మోగింది. కూతురు.

"ఇందాక సరిగా మాట్లాడలేదు. నాకింకా కోపంగానే ఉంది" అంది. "ఆపరేషన్ రోజు నీ పక్కన ఎవరుంటారు?"

"మీ నాన్న."

"నాన్న రక్తం చూస్తే కింద పడతాడు. ఇద్దర్నీ ఎవరు చూస్తారు? నేనే వస్తాలే. తేదీ చెప్పు."

"చెబుతాను. నువ్వు నా పక్కన కూర్చుని అలుగుదువుగానీ రా."

ఫోన్ పెట్టేసి లోపలికి వెళ్ళింది. గది మనుషులతో నిండిపోయింది. ఆమె కోసం దారివ్వాలని ఎవరికీ తోచలేదు. తనే పక్కకు ఒదిగి మంచం తల వైపు చేరి, పౌడరు డబ్బా, దూది, మిగిలిన దారం సంచిలో సర్దుకుంది. టైపు అమ్మగారి మొహం వైపు చివరిసారి పనిమంతురాలి కంటితో చూసింది. రెండు వైపులా సరిగ్గానే ఉంది. ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచింది.

దిండు పక్కన, దారం పట్టబోయే ముందు ముసలావిడ తనే తీసి పెట్టుకున్న కళ్ళజోడు, కాళ్ళు తెరుచుకుని పైకప్పు వైపు చూస్తూ అక్కడే ఉంది; ఒక అద్దం మీద కాస్త తెల్లటి పౌడరు రాలి ఉంది.